గెడ్డ అవతలి ఇళ్లు

పదిహేనేళ్ల కిందట, అప్పటి విశాఖ జిల్లా ఏజెన్సీలో ఒక ఇంటింటి సర్వేకు నేను పర్యవేక్షకురాలిగా పనిచేశాను. మా ప్రశ్నావళిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేది కాన్పుల చరిత్ర. ఆ ఇంటి ఇల్లాలు ఇప్పటివరకు కన్న బిడ్డలందరినీ, బతికున్నవారినీ పోయినవారినీ, పుట్టిన వరుసలో రాసుకోవాలి. ఒక్కొక్కరి పేరు, పుట్టిన నెల, సంవత్సరం, పోయినవారైతే ఎన్నాళ్లకు పోయారన్నది అడగాలి. పాడేరుకు ఎగువన ఒక ఊళ్లో, అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న ఒకామె తనకు ముగ్గురు పిల్లలని చెప్పింది. మొదటి బిడ్డకూ రెండో బిడ్డకూ మధ్య ఐదేళ్ల ఎడం కనిపించడంతో, మధ్యలో ఇంకెవరైనా పుట్టారా అని మళ్లీ అడిగాను. ఆమె చేతిలో పని ఆపకుండానే, “పురుడెల్లకముందే పోనాది గదమ్మా, పేరు కూడా ఎట్టనేదు. దాన్ని కూడా లెక్కలో ఏస్తారేటి?” అంది.

వేశాను. పేరు రాయాల్సిన గడిలో ‘పేరు పెట్టలేదు’ అని రాసి, ఎన్నాళ్లకు పోయిందో ఆమెతో కలిసి లెక్కగట్టి, నాలుగు రోజులని వేశాను. ఏ నెలలో పుట్టిందో తేల్చుకోవడానికి అక్కడి గిరిజనులు చేసుకునే ఇటుకల పండుగకు ముందా తరవాతా అన్న దగ్గర మొదలుపెట్టవలసి వచ్చింది. శిశు మరణాల రేటు అంటూ పత్రికల్లో మనం చదివే అంకె ఇలాంటి గడులను వేలకు వేలు కూడితే వచ్చేది. ఆ రోజు నేను ఐదేళ్ల ఎడం గమనించకపోయినా, ఎండ ముదురుతోందని తొందరపడినా, లెక్క ప్రకారం ఆ బిడ్డ పుట్టనూ లేదు, పోనూ లేదు. ఆరోగ్యంలో అసమానతల గురించి ఏ పట్టిక చూసినా నాకు మొదట గుర్తొచ్చేది ఆ అరుగే. తేడా ఎక్కడ ఎక్కువగా ఉంటుందో, దాన్ని తక్కువగా చూపే పొరపాటు కూడా అక్కడే ఎక్కువగా జరుగుతుంది. ఇక ఆ తేడాకు కారణం చెప్పేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది, నా దృష్టిలో అది మరీ పెద్దది: ప్రశ్నావళిలో తల్లి గురించిన గడులే ఎక్కువ కాబట్టి, కారణం కూడా తల్లిలోనే వెతుకుతాం. ఈ రెండింటి గురించీ వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం దేశంలో పుట్టే ప్రతి 1000 మంది పిల్లల్లో దాదాపు 42 మంది ఐదేళ్లు నిండకుండానే చనిపోతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ అంకె 35, తెలంగాణలో 29. రాష్ట్రాలను వరుసలో నిలబెట్టి ఎవరు ముందున్నారో చెప్పడానికి ఈ సగటు సరిపోతుంది, అంతకుమించి చెప్పదు. అదే సర్వే దేశంలోని ఇళ్లను ఆస్తిపాస్తులను బట్టి ఐదు సమాన భాగాలుగా చేసి చూసినప్పుడు అట్టడుగు భాగంలో 59 మంది, పై భాగంలో 20 మంది. సగటు ఈ తేడాను ఎంత సులువుగా మింగేయగలదో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనాభాలో గిరిజనులు నూటికి ఐదుగురికి కాస్త పైన ఉంటారు. మిగిలినవారిలో మరణాల రేటు 33 అనీ, గిరిజనుల్లో దానికి సరిగ్గా రెట్టింపు, అంటే 66 అనీ అనుకుందాం. రాష్ట్ర సగటు ఎంతవుతుంది? 35 దాటదు. ఒక జనసమూహంలో పిల్లలు రెట్టింపు సంఖ్యలో చనిపోతున్నా రాష్ట్ర అంకె రెండు మెట్లు కూడా కదలదన్నమాట. సగటు మెరుగుపడిందన్న ప్రకటన విన్నప్పుడల్లా ఆ మెరుగు ఎవరి ఇంట జరిగిందని అడగవలసింది ఇందుకే.

సరే, సగటును పక్కనబెట్టి తేడానే కొలుద్దామనుకుంటే, ఏ తేడా అన్న ప్రశ్న వస్తుంది. 2005-06లో జరిగిన మూడో విడత సర్వేలో అట్టడుగు భాగంలో ఐదేళ్లలోపు మరణాలు వెయ్యికి 100 పైచిలుకు, పై భాగంలో 34. వాటి మధ్య ఎడం దాదాపు 67. ఐదో విడతకు వచ్చేసరికి 59, 20, ఎడం 39. ఇలా చూస్తే అసమానత బాగా తగ్గింది. అదే అంకెలను ఒకదానితో ఒకటి భాగించి చూడండి: అప్పుడూ మూడు రెట్లే, ఇప్పుడూ మూడు రెట్లే. పేదింట పుట్టిన బిడ్డ ధనికుల ఇంట పుట్టిన బిడ్డకన్నా ఎన్ని రెట్ల ప్రమాదంలో ఉందన్న ప్రశ్నకు జవాబు పద్నాలుగేళ్లలో మారలేదు. రెండు మాటలూ నిజమే. మరణాలు వెయ్యికి 41 చొప్పున తగ్గిన పేదిళ్లకు అది చిన్న విషయం కాదు, ఆ ఇళ్లలో బతికిన పిల్లల సంఖ్య లక్షల్లో ఉంటుంది. కానీ కొత్తగా వచ్చిన ప్రతి మందూ, ప్రతి టీకా, ప్రతి ఆసుపత్రి పై మెట్టునా కింది మెట్టునా ఒకే నిష్పత్తిలో పనిచేసిందనీ, వెనకబడినవారిని ముందుకు తెచ్చే ప్రత్యేకమైన పని ఏదీ జరగలేదనీ ఆ మూడు రెట్లు చెబుతోంది. ఎడాన్ని మాత్రమే ప్రకటించే నివేదికనూ, రెట్లను మాత్రమే ప్రకటించే విమర్శనూ నేను సగం నివేదికగా, సగం విమర్శగానే చదువుతాను.

ఇంకో చిక్కు ఉంది. మరణాలకు బదులు బతికినవారిని లెక్కపెడితే అట్టడుగున 941 మంది, పైన 980 మంది. వాటి నిష్పత్తి ఒకటికి కాస్త ఎక్కువ, అంటే దాదాపు సమానం! ఒకే వాస్తవాన్ని చావు వైపు నుంచి కొలిస్తే మూడు రెట్ల తేడా, బతుకు వైపు నుంచి కొలిస్తే నాలుగు శాతం తేడా. ఆరోగ్య అర్థశాస్త్రంలో ఎక్కువగా వాడే కాన్సంట్రేషన్ ఇండెక్స్‌కూ ఈ చిక్కు తప్పలేదు. అందరినీ పేదవారి నుంచి ధనికుల దాకా ఒక వరుసలో నిలబెట్టి, వరుసలో మొదటి నూటికి ఇరవై మంది వాటాకు ఎన్ని మరణాలు వచ్చాయి, నలభై మంది వాటాకు ఎన్ని అని కూడుకుంటూ పోతే ఒక వంపు గీత వస్తుంది. ఆ గీత సమానత్వాన్ని సూచించే వాలు గీతకు ఎంత దూరంగా ఉందో చెప్పే అంకె అది. ఆదాయ పంపిణీకి గణాంకవేత్త గిని వాడిన కొలతకు ఇది దగ్గరి బంధువు. కానీ ఆదాయానికి పైన హద్దు లేదు, టీకా వేయించుకున్నవారి శాతానికి నూరు దగ్గర హద్దు ఉంది. అందుకే ఆర్థికవేత్తలు వాగ్‌స్టాఫ్ 2005లో ఒక సవరణ, ఎరేగర్స్ 2009లో ఇంకొక సవరణ ప్రతిపాదించారు, ఏది సరైనదన్న వాదం ఆ రంగంలో చాలాకాలం నడిచింది. సూత్రాల్లోకి దిగనక్కర్లేదు గాని, కొలత ఎంచుకున్న క్షణంలోనే మనం ఒక విలువను ఎంచుకున్నామని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆ వరుసలో ఎవరిని ఎక్కడ నిలబెడతారన్నది మరో సంగతి. మన సర్వేల్లో ఆదాయం అడగరు. ఇంట్లో టీవీ ఉందా, ఫ్రిజ్ ఉందా, మరుగుదొడ్డి ఎలాంటిది, నేల మట్టిదా సిమెంటుదా అని చూసి సంపద సూచీ తయారుచేస్తారు. చాలా మేరకు ఇది పనికొచ్చే పద్ధతే. అయితే 2006 తరవాత తమిళనాడు ప్రభుత్వం పేదిళ్లకు ఉచితంగా కలర్ టీవీలు పంచినప్పుడు, ఒక్క రూపాయి సంపాదన పెరగకుండానే ఆ ఇళ్లు సూచీలో కాస్త పైకి జరిగి ఉంటాయి. ఇక ఏజెన్సీలో పరిస్థితి దీనికి ఎదురు. అక్కడి ఇళ్లలో చాలావరకు అట్టడుగు భాగంలోనే పడతాయి కాబట్టి, రోడ్డు పక్కన కాఫీ తోట ఉన్న కుటుంబానికీ, కొండ మీద పోడు తప్ప ఏమీ లేని కుటుంబానికీ సూచీ పెద్దగా తేడా చూపదు. ఆంధ్రప్రదేశ్‌లో ఐదో విడత సర్వే చేసినవి 11 వేల చిల్లర ఇళ్లు; జనాభా వాటాను బట్టి చూస్తే వాటిలో గిరిజనులవి ఆరువందలకు అటూ ఇటూగా ఉంటాయి. అందులో చెంచులవెన్ని, గదబలవెన్ని, పోర్జలవెన్ని, వాటిలో ఐదేళ్లలోపు పిల్లలున్నవెన్ని? వాళ్లందరినీ ‘షెడ్యూల్డు తెగలు’ అన్న ఒకే గడిలో వేయడం తప్ప గత్యంతరం లేనంత కొద్దిమంది. అన్నిటికన్నా ఆపదలో ఉన్న తెగల గురించి మన అతిపెద్ద సర్వే దగ్గర విడిగా అంకె లేకపోవడానికి కారణం నమూనా పరిమాణమే. చిన్న తెగల నుంచి ఎక్కువ ఇళ్లు తీసుకుని, తరవాత వాటా ప్రకారం తూకం సరిచేసే పద్ధతి గణాంకశాస్త్రంలో పాతదే. డబ్బూ, మనసూ పెడితే రేపే చేయవచ్చు.

ఆరోగ్యం ఎలా ఉందని మనుషులనే అడిగితే సరిపోదా? సరిపోదు. 2017-18 జాతీయ నమూనా సర్వేలో గత పదిహేను రోజుల్లో ఏదైనా జబ్బు చేసిందా అని అడిగితే, దేశంలో గ్రామీణుల్లో 6.8 శాతం, పట్టణవాసుల్లో 9.1 శాతం అవునన్నారు. కేరళలో మాత్రం నాలుగో వంతుకు దగ్గరగా అవునన్నారు. శిశు మరణాలు దేశంలో అత్యల్పంగా ఉన్న పెద్ద రాష్ట్రం అదే. అమర్త్య సేన్ ఈ వైరుధ్యాన్ని ఎప్పుడో ఎత్తిచూపారు. చదువూ, డాక్టరూ దగ్గరున్నవారు తమ ఒంట్లో నలతను జబ్బుగా గుర్తిస్తారు, అవి లేనివారు దాన్ని బతుకులో భాగమనుకుంటారు. బెంగాల్ కరువు తరవాత 1944లో కలకత్తా దగ్గర సింగూరులో జరిగిన సర్వేను కూడా ఆయన ఉదహరిస్తారు. భార్యను పోగొట్టుకున్న మగవాళ్లలో సగానికి దగ్గరగా తమ ఆరోగ్యం బాగాలేదని చెప్పగా, భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లలో నూటికి ముగ్గురు కూడా అలా చెప్పలేదు. ఆ ఆడవాళ్లు ఏ స్థితిలో ఉన్నారో తెలిసినవారికి ఆ అంకె గుండెల్లో దిగుతుంది. చింతపండు ముందు కూర్చున్న ఆవిడ కూడా, ఒంట్లో ఎలా ఉందమ్మా అని నేను అడిగితే బాగానే ఉందంది. ఆమె కనురెప్ప లోపలి భాగం రక్తహీనతతో తెల్లగా పాలిపోయి ఉంది.

అసలు లెక్కలోకే రానివారి సంగతి ఇప్పుడు చెప్పాలి. ఆ ఊరికి అర కిలోమీటరు దూరంలో, గెడ్డ (కొండవాగు) అవతల, పదకొండు ఇళ్లున్నాయి. ఇళ్ల జాబితా తయారుచేసిన రోజున నీళ్లు తక్కువగా ఉండటంతో వాటిని రాసుకున్నారు. నమూనాలో వాటిలో మూడు ఇళ్లు వచ్చాయి. మేం వెళ్లేసరికి పైన వాన పడి గెడ్డ పొంగింది. రెండు రోజులు ఆగాం, తగ్గలేదు. మాకు పై నుంచి వచ్చిన సూచన ప్రకారం ఆ మూడింటి ఎదురుగా ‘తలుపు తాళం’ అని రాసి, తరవాతి ఊరికి కదిలాం. అలా రాసింది నేనే. ఆ ఇళ్ల తలుపులకు తాళాలు లేవని నాకు తెలుసు. ఆ దారిలో గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తారనీ, గెడ్డ పొంగితే అదీ కుదరదనీ ఊళ్లోవాళ్లు ముందు రోజే చెప్పారు. ఆసుపత్రికి చేరలేని ఇళ్లు ఏవో, సర్వే చేరలేని ఇళ్లు కూడా అవే. స్పందించని ఇళ్ల శాతం ఎంత తక్కువైనా, అవి చెల్లాచెదురుగా కాకుండా ఇలా ఒకేచోట పోగుపడితే, మిగిలే అంకె తప్పకుండా ఉన్నదానికన్నా అందంగా కనిపిస్తుంది.

సూచిక ఎంపికలోనూ ఇలాంటి అందం ఉంది. ఐదో విడత సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇంత ఎత్తుకు చేరిన సూచికలో పేద, ధనిక తేడా దాదాపు కనిపించదు. కానీ తేడా మాయం కాలేదు, ఆసుపత్రి తలుపు దాటి లోపలికి వెళ్లింది. అక్కడ మత్తు డాక్టరు ఉన్నారా, రక్తం దొరుకుతుందా, బరువు తక్కువ బిడ్డను వెచ్చగా ఉంచే ఏర్పాటు ఉందా అన్నవి ఆ అంకెలో లేవు. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు కావడం, ప్రైవేటు ఆసుపత్రుల్లో అవి 80 శాతం దాటడం చూస్తే, అక్కర్లేని కోత కూడా ఒక అసమానతే అనిపిస్తుంది, అయితే దానికి వేరే వ్యాసం కావాలి.

ఇక కారణాల దగ్గరికి వస్తాను. బ్రిటన్‌లో సర్ డగ్లస్ బ్లాక్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1980లో ఇచ్చిన నివేదిక, వర్గాల మధ్య ఆరోగ్య తేడాలకు నాలుగు రకాల వివరణలను పరిశీలించింది: ఇది కొలతలో లోపం మాత్రమేనని, జబ్బు మనుషులే కింది మెట్టుకు జారుతున్నారని, బతికే భౌతిక పరిస్థితులే కారణమని, అలవాట్లూ సంస్కృతీ కారణమని. ఆ సంఘం భౌతిక పరిస్థితుల వైపే మొగ్గింది. ప్రభుత్వం ఆ నివేదికను ఆగస్టు సెలవుల సమయంలో 260 ప్రతులు మాత్రమే తీసి విడుదల చేసింది. నలభై ఏళ్లు దాటినా మన దగ్గర చర్చ ఇంకా నాలుగో వివరణ చుట్టూనే తిరుగుతోంది: వాళ్లకు తెలియదు, వాళ్లు వినరు, వాళ్ల అలవాట్లంతే. 1967లో లండన్‌లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం అలవాట్ల వాదాన్ని నేరుగా పరీక్షించింది. దాదాపు 18 వేల మంది మగ ప్రభుత్వోద్యోగులు, ఎవరూ నిరుపేదలు కారు, అందరికీ ఉచిత వైద్యం ఉంది. అయినా అట్టడుగు హోదాలోని వారిలో గుండెజబ్బు మరణాలు పై హోదాలోని వారికన్నా మూడు రెట్లకు పైగా ఉన్నాయి, పొగతాగడం, రక్తపోటు, కొలెస్టరాల్ అన్నీ కలిపి లెక్కవేసినా ఆ తేడాలో సగం కూడా తేలలేదు.

మన పరిశోధనా వ్యాసాల్లో ఇప్పుడు బాగా వాడుకలో ఉన్న పద్ధతి, అసమానత సూచీని ముక్కలు చేసి ఒక్కో కారణానికి ఒక్కో వాటా పంచడం. ‘తల్లి చదువు ఇంత శాతం, సంపద ఇంత శాతం, కులం ఇంత శాతం’ అని ఒక పట్టిక వస్తుంది. ఆ కూడికలో తప్పుండదు గాని, అది ఆ అంశాలన్నిటినీ పక్కపక్కన నిలబెడుతుంది. నిజ జీవితంలో అవి ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. బడి లేని గూడెంలో పుట్టినందువల్ల ఆమెకు చదువు రాలేదు, చదువు లేనందువల్ల కూలి తప్ప పని దొరకలేదు, ఆ కూలితో మట్టి నేల సిమెంటు నేల కాలేదు. చదువునూ సంపదనూ లెక్కలో సర్దేశాక కులానికి మిగిలిన వాటా చిన్నదని తేలితే, కులం ప్రభావం లేదని రాసేవారున్నారు. కులం పనిచేసిన దారులన్నిటినీ ముందే మూసేసి, ఇటు ఎవరూ రాలేదని చెప్పడం అది. నాలుగో విడత సర్వేలో (2015-16) ఐదేళ్లలోపు మరణాలు గిరిజనుల్లో 57, దళితుల్లో 56, బీసీలు కూడా కాని ఇతర కులాల్లో 38 చిల్లరగా ఉన్నాయి. ఒక్కో అంశం ప్రభావాన్ని విడదీసే రిగ్రెషన్ లెక్కలో సర్దుబాటు చేసిన మాత్రాన ఆ పిల్లలు బతికిరారు.

ఇంటి లోపలి గడులు చూడలేని కారణాలు కూడా ఉంటాయి. భారతదేశంలో ముస్లింలు సగటున హిందువులకన్నా పేదలు, చదువులో వెనకబడినవారు. అయినా వారి పిల్లలు ఎక్కువగా బతుకుతున్నట్టు మొదటి మూడు విడతల సర్వేలు చూపాయి. తల్లి చదువు, సంపద అనే గడులతో ఈ చిక్కు విడిపోలేదు. మైఖేల్ గెరూసో, డీన్ స్పియర్స్ 2018లో ప్రచురించిన అధ్యయనం ఇరుగుపొరుగు వైపు చూసింది. ముస్లిం కుటుంబాలు మరుగుదొడ్డి వాడటం ఎక్కువ, వారి పొరుగున ఉండేదీ ఎక్కువగా వారే, కాబట్టి ఆ వాడల్లో బయలు మలవిసర్జన తక్కువ. ఆ ఒక్క తేడాతో బిడ్డల మనుగడలోని తేడా చాలావరకు వివరణకు అందింది. పక్కింటివాళ్లు ఎక్కడికి వెళుతున్నారన్నది ఒక తల్లి తన చదువుతో మార్చగలిగిన విషయం కాదు.

తల్లి చదువు వద్దని నేననడం లేదు. ఆడపిల్ల చదువు దానంతటదే కావలసినది. నా అభ్యంతరం, ఆ చదువు వచ్చేదాకా బిడ్డలు పోవడం సహజమన్నట్టు మాట్లాడటం మీద. గడ్చిరోలి నాకు ఇచ్చిన ధైర్యం ఇదే. మన ఆదిలాబాద్ ప్రాంతానికి సరిహద్దులో ఉన్న ఆ మహారాష్ట్ర జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 ఊళ్లలో ఊరికొక ఆడమనిషికి శిక్షణ ఇచ్చారు. ఆమె పుట్టిన ప్రతి బిడ్డనూ నమోదు చేస్తుంది, ఇంటికి వెళ్లి బరువు చూస్తుంది, వెచ్చగా ఉంచడం నేర్పుతుంది, రక్తంలో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కనిపిస్తే యాంటీబయోటిక్ సూది వేస్తుంది. మూడో ఏడాదికల్లా ఆ ఊళ్లలో నెలలోపు శిశు మరణాలు వెయ్యికి 25.5కు దిగాయి. పోల్చడానికి తీసుకున్న 47 ఊళ్లలో 59.6గానే ఉన్నాయి. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన ఫలితాలివి. ఆ మూడేళ్లలో ఆ తల్లులు చదువుకోలేదు, ధనికులు కాలేదు, కులమూ తెగా మారలేదు. వాటాలు పంచే పట్టిక ఆ ఊళ్లకు వేసి ఉంటే తల్లి చదువుకే పెద్ద వాటా వచ్చి ఉండేది, చావులు మాత్రం ఒక సూది, ఒక తూకం, ఇంటికి నడిచొచ్చే ఒక మనిషి వల్ల తగ్గాయి. పైగా అక్కడ లెక్కపెట్టినదీ, కాపాడినదీ ఒకే చెయ్యి. పేరు పెట్టకముందే పోయిన బిడ్డ ఆమె పుస్తకంలో తప్పిపోయే అవకాశం లేదు, ఎందుకంటే ఆ బిడ్డ పుట్టినప్పుడు ఆమె అక్కడే ఉంది.

2011 నుంచి ఆ పద్ధతిలో చాలా భాగం ఆశా కార్యకర్తల పనిగా దేశమంతటా వచ్చింది. కాన్పు ఆసుపత్రిలో జరిగితే ఆరుసార్లు, ఇంట్లో జరిగితే ఏడుసార్లు బిడ్డను చూసి రావాలి: మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు, ఇంటి కాన్పయితే మొదటి రోజు కూడా. అరుగు మీద నేను లెక్కగట్టిన ఆ బిడ్డ నాలుగో రోజున పోయింది. కాబట్టి ఇప్పుడు ఏ జిల్లా నివేదిక నా చేతికొచ్చినా, ఎంత శాతం ఇళ్లకు ఆశా వెళ్లిందన్న సగటును దాటి, మూడో రోజున వెళ్లలేకపోయిన ఇళ్లు ఏ గూడేల్లో ఉన్నాయో, వానాకాలంలో ఎన్నో, ఎండాకాలంలో ఎన్నో విడిగా ఇమ్మని అడుగుతాను. చాలాచోట్ల ఆ జాబితా ఉండదు. ఉన్నచోట అందులోని పేర్లు ఏడాది తరవాత ఏడాది మారకుండా అవే కనిపిస్తాయి, ఎక్కువగా నీటికి అవతల ఉన్నవి.